ఆకాశంలో ఏ భాష మాట్లాడతారు?

మబ్బులు లేని రోజున ఒకసారి తలెత్తి చూడండి. తెల్లని చార ఒకటి వదులుతూ విమానం పోతూ ఉంటుంది. అది సింగపూరు నుంచి అరబ్బు దేశాలకు వెళ్ళేదై ఉండవచ్చు. దాన్ని నడిపే పైలట్ బ్రెజిల్ దేశస్థుడు, పక్కన కూర్చున్న కో-పైలట్ కొరియా దేశస్థురాలు కావచ్చు. కింద చెన్నైలో కూర్చుని ఆ విమానానికి దారి చెప్పే కంట్రోలర్ మన గుంటూరు జిల్లావాడే కావచ్చు. ముగ్గురివీ మూడు మాతృభాషలు. మరి వీళ్ళు ఏ భాషలో మాట్లాడుకుంటారు?

"ఇంకేముంది, ఇంగ్లీషే!" అని మీరు వెంటనే అంటారు. అది సగం నిజం మాత్రమే. మిగతా సగం ఏమిటో తెలుసుకోవాలంటే, అసలు పైలట్‌కు, నేల మీది మనిషికి మాటలతో పనేమిటో ముందుగా చూడాలి.

మాట ఎందుకు?

పెద్ద జెట్ విమానం గంటకు దాదాపు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అలాంటివి రెండు ఎదురెదురుగా వస్తున్నాయనుకోండి. వాటి మధ్య దూరం గంటకు 1800 కిలోమీటర్ల చొప్పున తరిగిపోతుంది. అంటే సెకనుకు అర కిలోమీటరు. రెండింటి మధ్య 10 కిలోమీటర్లు ఉంటే మిగిలిన వ్యవధి 20 సెకన్లే! ఎదుటి విమానం కంటికి చుక్కలా కనిపించి, అది విమానమని పోల్చుకుని, పక్కకు తప్పుకునే లోపల ఈ 20 సెకన్లూ అయిపోతాయి. రాత్రివేళ, మబ్బుల్లో ఆ చుక్క కూడా కనిపించదు.

అందుకే నేల మీద కూర్చున్న కంట్రోలర్ రాడార్ తెర మీద అన్ని విమానాలనూ చూస్తూ, ఏది ఎంత ఎత్తులో ఉండాలో, ఎటు తిరగాలో రేడియోలో చెబుతుంటాడు. ఒకే దారిలో పోయే విమానాల మధ్య నిలువునా కనీసం వెయ్యి అడుగులు, అంటే సుమారు 300 మీటర్లు ఎడం ఉంచుతాడు. ఈ ఎడాన్ని నిలబెట్టేది మాటే. కనుక మాట తప్పుగా వినిపిస్తే ఎడం పోయినట్టే.

నియమం ఏమంటుంది?

1944లో అమెరికాలోని చికాగో నగరంలో అనేక దేశాల ప్రతినిధులు సమావేశమై పౌర విమానయానం గురించి ఒక ఒప్పందం చేసుకున్నారు. ఆ సమావేశంలో భారతదేశం కూడా పాల్గొన్నది. దాని ఫలితంగా 1947లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఏర్పడింది. దీన్ని పొట్టిగా 'ఐకావో' అంటారు. కెనడాలోని మాంట్రియల్‌లో దీని ప్రధాన కార్యాలయం ఉంది. నేడు 193 దేశాలు ఇందులో సభ్యులు.

భాష గురించి ఐకావో నియమం ఇది: రేడియో సంభాషణ, నేల మీది కేంద్రం మామూలుగా వాడే భాషలో జరగవచ్చు, లేదా ఇంగ్లీషులో జరగవచ్చు. అయితే అంతర్జాతీయ విమానాలు వచ్చే విమానాశ్రయాల్లో, అవి పోయే మార్గాల్లో పైలట్ కోరితే ఇంగ్లీషులో మాట్లాడి తీరాలి.

ఇప్పుడు అర్థమైందా, మీ జవాబు సగం నిజమని ఎందుకన్నానో? ఫ్రాన్సు మీద ఎగిరే ఫ్రెంచి పైలట్ ఫ్రెంచిలో మాట్లాడవచ్చు. స్పెయిన్‌లోనూ, దక్షిణ అమెరికాలోని చాలా దేశాల్లోనూ స్పానిష్ వినిపిస్తుంది. బ్రెజిల్‌లో పోర్చుగీసు, రష్యాలో రష్యన్, చైనాలో చైనా భాష వినిపిస్తాయి. పరాయి దేశపు విమానం రాగానే అదే కంట్రోలర్ ఇంగ్లీషుకు మారిపోతాడు. మన దేశంలో మాత్రం అందరూ ఇంగ్లీషే వాడతారు. పైలట్, కంట్రోలర్ ఇద్దరూ తెలుగువాళ్ళయినా రేడియోలో ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటారు.

రేడియో చెవి చిన్నది

సరే, ఇద్దరికీ ఇంగ్లీషు వచ్చు. ఇక చిక్కు తీరిపోయినట్టేనా? తీరలేదు. ఇక్కడ భౌతికశాస్త్రం అడ్డు వస్తుంది.

మన చెవి సెకనుకు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల దాకా ఉన్న ధ్వనులను వినగలదు. విమాన రేడియో వీటిలో సుమారు 300 నుంచి 3,000 కంపనాల దాకా ఉన్న ముక్కను మాత్రమే మోసుకుపోతుంది. పౌనఃపున్యాల పట్టీ ఇరుకు, దాన్ని వాడుకునే విమానాలు ఎక్కువ. అందుకని ఒక్కొక్కరికి కొద్ది చోటే దక్కుతుంది. 'అ', 'ఐ', 'ఓ' వంటి అచ్చుల బలమంతా ఈ ముక్కలోనే ఉంటుంది కాబట్టి అవి బాగానే వినిపిస్తాయి. 'ఫ', 'స' వంటి హల్లుల్లో బుసకొట్టే శబ్దం చాలావరకు 3,000 కంపనాల పైన ఉంటుంది. అది దారిలోనే రాలిపోతుంది. దానికి ఇంజను హోరు, వాతావరణపు గరగర తోడవుతాయి.

ఇప్పుడు ఇంగ్లీషు అంకెలు 'ఫైవ్', 'నైన్' చూడండి. రెండింటి నడుమ ఉన్నది ఒకే అచ్చు: 'ఐ'. తేడా అంతా అటూ ఇటూ ఉన్న హల్లుల్లోనే ఉంది. ఆ హల్లులే రాలిపోతే ఐదేదో తొమ్మిదేదో ఎలా తెలుస్తుంది? అందుకే రేడియోలో ఐదును 'ఫైఫ్' అని, తొమ్మిదిని 'నైనర్' అని పలకాలని నియమం పెట్టారు. నైనర్‌లో రెండు అక్షరాలున్నాయి గనుక ఫైఫ్‌తో కలిసిపోదు. నాలుగును 'ఫోవర్' అని సాగదీస్తారు. మూడును 'ట్రీ' అంటారు. 'త్రీ'లోని మొదటి ధ్వని ప్రపంచంలో చాలా భాషల్లో లేదు మరి. ఇవి పలకడం రాక చేసిన తప్పులు కావు. కావాలని, లెక్క చూసి చేసిన మార్పులు.

ఇటువంటి చిక్కు మన తెలుగులోనూ ఉంది. ఫోనులో ఎవరైనా 'ఇరవై' అంటే 'అరవై' అని విన్న సందర్భం మీ ఇంట్లో జరిగే ఉంటుంది. కిరాణా కొట్టులో అయితే నష్టం నలభై రూపాయలు. ఆకాశంలో అయితే ఆ నష్టాన్ని రూపాయల్లో చెప్పలేం.

అక్షరాల సంగతీ అంతే. 'బి', 'డి', 'టి', 'పి', 'వి' అన్నీ 'ఇ' అచ్చుతోనే ముగుస్తాయి. అందుకని ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క మాట పెట్టారు: ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా, ఎకో, ఫాక్స్‌ట్రాట్, గోల్ఫ్, హోటల్... తొమ్మిదో అక్షరమైన 'ఐ'కి పెట్టిన మాట ఏమిటో తెలుసా? 'ఇండియా'! మన దేశపు విమానాల రిజిస్ట్రేషన్ గుర్తు 'వి.టి.' అనే అక్షరాలతో మొదలవుతుంది. రేడియోలో దాన్ని 'విక్టర్ ట్యాంగో' అంటారు.

ఈ మాటలను ఎవరో ఒకరు కూర్చుని సరదాగా రాసినవి కావు. ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్ మాట్లాడేవారందరికీ పలకడానికి వీలుగా ఉండాలని వెదికి ఏరారు. 1951లో మొదటి పట్టిక అమలులోకి వచ్చింది. వాడి చూస్తే 'ఎన్'కు పెట్టిన 'నెక్టార్', 'వి'కి పెట్టిన 'విక్టర్' ఒకదానికొకటిగా వినిపించాయి. 'ఎక్స్'కు పెట్టిన 'ఎక్స్‌ట్రా' అనే మాట 'డెల్టా'లా వినిపించింది. మళ్ళీ పరీక్షలు చేసి ఐదు మాటలు మార్చారు. నెక్టార్ పోయి నవంబర్ వచ్చింది. అలా సరిదిద్దిన పట్టిక 1956 మార్చి 1 నుంచి నేటిదాకా వాడుకలో ఉంది.

ఒక్క మాట, రెండు అర్థాలు

ఇక్కడిదాకా చెవికి వచ్చిన కష్టం. మాట స్పష్టంగా వినిపించినా అర్థం తప్పిపోవచ్చు.

అట్లాంటిక్ సముద్రంలో స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ అనే దీవి ఉంది. 1977 మార్చి 27న పక్క దీవి విమానాశ్రయంలో బాంబు పేలడంతో అక్కడికి వెళ్ళవలసిన విమానాలను టెనెరిఫ్‌కు మళ్ళించారు. వాటిలో రెండు బోయింగ్ 747లు ఉన్నాయి. ఒకటి హాలెండుది, ఒకటి అమెరికాది. దట్టమైన పొగమంచు కమ్మింది. కంట్రోలర్‌కు విమానాలు కనిపించడం లేదు, విమానాలకు ఒకటి కొకటి కనిపించడం లేదు. అక్కడ నేల మీది కదలికలను చూపే రాడార్ కూడా లేదు. మిగిలింది మాట ఒక్కటే.

హాలెండు విమానం రన్‌వే చివర నిలబడింది. అమెరికా విమానం ఇంకా అదే రన్‌వే మీద మెల్లగా నడుస్తోంది. కంట్రోలర్ హాలెండు విమానానికి, పైకి లేచిన తరువాత ఏ దారిన వెళ్ళాలో చెప్పాడు. అది దారి వివరమే గాని, లేవడానికి అనుమతి కాదు. కాని ఆ వాక్యంలో 'టేకాఫ్' అనే మాట దొర్లింది. విమానం కదలడం మొదలుపెట్టింది. 'వుయ్ ఆర్ నౌ ఎట్ టేకాఫ్' అన్నాడు కో-పైలట్. 'లేవడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాం' అని కంట్రోలర్ అర్థం చేసుకున్నాడు. 'లేస్తున్నాం' అని కో-పైలట్ ఉద్దేశం. కంట్రోలర్ 'ఓకే' అని, ఒక్క క్షణం ఆగి 'ఆగి ఉండండి, నేను పిలుస్తాను' అన్నాడు. సరిగ్గా అదే క్షణంలో 'మేమింకా రన్‌వే మీదే ఉన్నాం' అని అమెరికా విమానం కూడా మాట్లాడింది. ఒకే పౌనఃపున్యం మీద రెండు రేడియోలు ఒకేసారి పలికితే ఈల వంటి కీచుమోత వస్తుంది. హాలెండు పైలట్లకు 'ఓకే' వినిపించింది. ఆ తరువాతి ముఖ్యమైన మాటలు కీచుమోతలో పడిపోయాయి. రెండు విమానాలూ ఢీకొని 583 మంది మరణించారు. విమానయాన చరిత్రలో ఒక ప్రమాదంలో అంతమంది పోవడం అంతకుముందూ లేదు, ఆ తరువాతా లేదు.

గమనించండి. అక్కడ అందరూ మాట్లాడింది ఇంగ్లీషే. ఉమ్మడి భాష ఉన్నంత మాత్రాన చాలలేదు. ఆ తరువాత ఒక కట్టుబాటు వచ్చింది: లేవడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, ఇచ్చిన అనుమతిని రద్దు చేసేటప్పుడు తప్ప 'టేకాఫ్' అనే మాట నోట రాకూడదు. మిగతా సందర్భాల్లో 'డిపార్చర్' అనాలి. ఇచ్చిన అనుమతికి 'ఓకే' అంటే చాలదు. పైలట్ దాన్ని పూర్తిగా తిరిగి చెప్పాలి. కంట్రోలర్ విని, తప్పుంటే సరిదిద్దాలి. దీన్ని 'రీడ్‌బ్యాక్' అంటారు. తరగతిలో ఎక్కం ఒప్పజెప్పడం వంటిదే.

చిన్న మాట కూడా కొంప ముంచగలదు. 1989 ఫిబ్రవరి 19న మలేసియాలోని కౌలాలంపూర్ దగ్గర ఒక సరుకుల విమానాన్ని 2400 అడుగులకు దిగమని చెప్పాలి. కంట్రోలర్ 'డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో' అన్నాడు. ఇంగ్లీషులో రెండు అనే అంకె 'టూ', 'దాకా' అనే మాట 'టు' చెవికి ఒకటే. పైలట్ '400 అడుగుల దాకా దిగు' అని విన్నాడు, అలాగే తిరిగి చెప్పాడు. ఆ తప్పు దిద్దలేదు. విమానం కొండకు గుద్దుకుని అందులోని నలుగురూ చనిపోయారు. అందుకే ఇటువంటి ఎత్తులను 'టూ తౌజండ్ ఫోర్ హండ్రెడ్' అని వేలు, వందలతో చెప్పాలి.

మన భాషలో 'దిగండి', 'దిగకండి' అనే మాటల మధ్య తేడా ఒక్క 'క' మాత్రమే. ఆ ఒక్కటి రాలిపోతే అర్థం తలకిందులు! ఇంగ్లీషులోనూ 'అఫర్మేటివ్' అంటే అవును, 'నెగెటివ్' అంటే కాదు. రెండింటి తోక ఒకటే. రేడియో మీట నొక్కడం కొంచెం ఆలస్యమైతే మాట మొదలు తెగిపోయి తోకే వినిపిస్తుంది. కనుక అవునుకు 'అఫర్మ్' అని తోక కత్తిరించారు.

మర్యాద పనికిరాని చోటు

1990 జనవరి 25న కొలంబియా దేశపు విమానం ఒకటి న్యూయార్కు చేరింది. వాతావరణం బాగా లేదు. గంటకు పైగా ఆకాశంలో తిప్పారు. ఇంధనం అడుగంటింది. కో-పైలట్ 'ప్రయారిటీ' కావాలన్నాడు, ఇంధనం అయిపోతోందన్నాడు. కాని 'ఎమర్జెన్సీ' అనలేదు. కంట్రోలర్లకు ఇది ప్రాణం మీదికి వచ్చిన సంగతిగా తోచలేదు. ఇంజన్లు ఆగి విమానం కూలిపోయింది. 158 మందిలో 73 మంది పోయారు.

ఇటువంటి ఆపదలో అనవలసిన మాట ఒకటి ఉంది: 'మేడే', మూడుసార్లు. ఇది మే నెల ఒకటో తేదీ కాదు! ఫ్రెంచిలో 'నాకు సాయం చేయండి' అనే అర్థం వచ్చే మాట ఇలా వినిపిస్తుంది. 1920 దశకంలో లండన్ దగ్గరి క్రాయ్‌డన్ విమానాశ్రయపు రేడియో అధికారి మాక్‌ఫర్డ్ దీన్ని ఎంచాడు. అక్కడి విమానాలు ఎక్కువగా పారిస్‌తో రాకపోకలు సాగించేవి కాబట్టి రెండు దేశాల వారికీ తెలిసే మాట కావాలన్నది ఆయన ఆలోచన. ఆ మాట వినగానే మిగతా వారందరూ మౌనం వహించి దారి ఇవ్వాలి.

సొంత భాషా? ఉమ్మడి భాషా?

రేడియోకు ఇంకొక గుణం ఉంది. అది ఇద్దరి మధ్య ఫోను కాదు. ఒక పౌనఃపున్యం మీద ఉన్న పైలట్లందరూ అన్ని మాటలూ వింటారు. తనతో చెప్పని మాటలు విని కూడా, ముందు ఎవరున్నారో, వెనక ఎవరున్నారో మనసులో బొమ్మ గీసుకుంటారు. రెండు భాషలు నడిస్తే ఆ బొమ్మలో సగం చెరిగిపోతుంది.

2000 మే 25న పారిస్‌లో ఇదే జరిగింది. ఫ్రెంచి విమానానికి లేవమని ఫ్రెంచిలో అనుమతి ఇచ్చారు. బ్రిటిష్ సరుకుల విమానానికి దాని తరువాత రన్‌వే మీదికి రమ్మని ఇంగ్లీషులో చెప్పారు. ఆ విమానం రన్‌వే నడిమి నుంచి ప్రవేశించే చోట ఉన్నదన్న సంగతి కంట్రోలర్ గ్రహించలేదు. మొదటి అనుమతి ఫ్రెంచిలో ఉండటం వల్ల బ్రిటిష్ పైలట్లకు అర్థం కాలేదు. వాళ్ళు రన్‌వే మీదికి వచ్చారు. లేస్తున్న విమానపు రెక్క తగిలి బ్రిటిష్ కో-పైలట్ మరణించాడు.

అయితే అందరూ ఇంగ్లీషే మాట్లాడాలని శాసించవచ్చు కదా? రెండో పక్క కూడా వినాలి. కెనడాలోని క్వెబెక్‌లో జనం భాష ఫ్రెంచి. తమ భాషలో మాట్లాడతామని అక్కడి పైలట్లు కోరారు. దీన్ని వ్యతిరేకిస్తూ 1976లో కెనడా పైలట్లు సమ్మె చేశారు. ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. రెండు భాషలూ తెలిసిన కంట్రోలర్లతో పరీక్షలు చేసి చూశారు. రెండు భాషలు వాడినా భద్రతకు లోటు రాదని 1979లో సంఘం తేల్చింది. తరువాత అక్కడ ఫ్రెంచికి అనుమతి లభించింది. ఆపదలో మనిషికి మొదట నోట వచ్చేది తల్లి భాషే. ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చిన పైలట్‌కు సొంత భాష కూడా భద్రతే. ఇలా రెండు పక్కలా న్యాయం ఉంది గనుకనే ఐకావో నియమంలో 'లేదా' అనే మాట నేటికీ నిలిచి ఉంది.

మన దేశంలో జరిగిన ప్రమాదం

1996 నవంబరు 12న ఢిల్లీకి పడమరగా, హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర రెండు విమానాలు ఆకాశంలో ఢీకొన్నాయి. ఢిల్లీ నుంచి పైకి లేచిన సౌదీ విమానానికి 14,000 అడుగుల వరకు, ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ విమానానికి 15,000 అడుగుల వరకు అనుమతి ఉంది. ఎదురుగా విమానం వస్తున్నదని కూడా కంట్రోలర్ చెప్పాడు. కాని కజక్ విమానం తనకు చెప్పిన ఎత్తులో ఆగక కిందికి దిగింది. రెండింటిలోని 349 మందీ మరణించారు. జస్టిస్ లహోటీ నాయకత్వాన జరిగిన విచారణలో, కజక్ పైలట్‌కు ఇంగ్లీషు చాలినంత రాకపోవడం కూడా ఒక కారణమని తేలింది. ఆ విమానంలో నడిపేవారు వేరు, రేడియోలో మాట్లాడే మనిషి వేరు.

ఈ ప్రమాదం తరువాత ఐకావో భాషా పరీక్షకు పూనుకుంది. 2003లో నియమాలు చేసింది. 2008 నుంచి అవి వర్తించాయి. సిద్ధం కాని దేశాలకు 2011 దాకా గడువు ఇచ్చింది. ఇందులో ఆరు మెట్లున్నాయి. అంతర్జాతీయ విమానాలు నడిపే పైలట్లకు, వారితో మాట్లాడే కంట్రోలర్లకు కనీసం నాలుగో మెట్టు రావాలి. ఉచ్చారణ, వాక్య నిర్మాణం, పదసంపద, ధారాళత, గ్రహణశక్తి, సంభాషణ అనే ఆరు విషయాల్లో దేనిలో తక్కువ వస్తే అదే మొత్తానికి మెట్టు. అయిదింటిలో ఆరు వచ్చి ఒకదానిలో మూడు వస్తే, వచ్చింది మూడే! నాలుగో మెట్టు వారు మూడేళ్ళకొకసారి మళ్ళీ పరీక్షకు కూర్చోవాలి. ఇంగ్లీషు తల్లి భాషగా ఉన్నవారికీ బాధ్యత ఉంది. వాళ్ళు గబగబా, తమ ఊరి యాసలో, జాతీయాలు గుప్పించి మాట్లాడితే తప్పు వాళ్ళదే.

ఇప్పుడు సముద్రాల మీద పోయే విమానాలకు రాతపూర్వకంగా సందేశాలు పంపే పద్ధతి కూడా ఉంది. అక్షరాలు తెర మీద కనిపిస్తాయి గనుక యాస గొడవ లేదు. అయినా నేలకు దిగేటప్పుడు, సెకన్లు లెక్కపెట్టే చోట, నేటికీ గొంతుదే పని.

మరి ఆకాశంలో మాట్లాడేది ఏ భాష? బడిలో మనం చదివే ఇంగ్లీషు కాదు. ఇంగ్లీషు మాటల్లోంచి ఏరి, పోల్చి, పరీక్షించి, అవసరమైతే కత్తిరించి తయారు చేసిన పనిముట్టు అది. అందులో అందానికి చోటు లేదు. చెప్పినవాడి మనసులో ఉన్నదే విన్నవాడి మనసులోకి వెళ్ళిందా అన్నదొక్కటే అక్కడ ప్రశ్న.

మీరూ చేసి చూడండి

ఒక స్నేహితుణ్ణి తలుపు అవతల నిలబెట్టి తలుపు మూయండి. 'ఫైవ్', 'నైన్', 'ఇరవై', 'అరవై' అనే మాటలను కలగలిపి ఇరవై సార్లు మామూలు గొంతుతో చెప్పండి. అతను విన్నది కాగితం మీద రాయాలి. ఎన్ని తప్పులు వచ్చాయో లెక్కపెట్టండి. రెండోసారి 'ఫైఫ్', 'నైనర్' అని చెప్పి చూడండి. మూడోసారి, అతను విన్నదాన్ని తిరిగి చెప్పాలి, తప్పుంటే మీరు దిద్దాలి. మూడు లెక్కలనూ పక్కపక్కన రాసి పోల్చండి.

తరువాత ఇంకొక పని. 'క'కు ఒక మాట, 'గ'కు ఒక మాట, 'ప'కు, 'బ'కు ఒక్కొక్కటి చొప్పున మన తెలుగు అక్షరాలకు ఒక పట్టిక తయారు చేయండి. ఏ రెండు మాటలూ ఒకదానిలా ఒకటి వినిపించకూడదు సుమా! తలుపు అవతలి స్నేహితుడు ఒక్క తప్పు కూడా లేకుండా రాసిన రోజున మీ పట్టిక నెగ్గినట్టు.